చెరువు చిన్నదే, కింద ఉన్న ఇళ్ల మాటేమిటి?

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఒక ఊరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, తోడుగా రెండు బర్రెలు. మా ఇల్లు చెరువు కట్టకు దిగువన 300 మీటర్ల దూరంలో ఉంది. నా చిన్నప్పుడు అక్కడ మాది కాక ఇంకో రెండు ఇళ్లే ఉండేవి. ఇప్పుడు నలభై ఇళ్ల దాకా వచ్చి కాలనీ అయింది. చెరువు దగ్గర బోర్డు మీద 20 ఎంసీఎఫ్‌టీ (మిలియన్ ఘనపు అడుగులు), ఆయకట్టు 180 ఎకరాలు అని రాసి ఉంది. కట్ట ఎత్తు 5 మీటర్లు ఉండవచ్చు. రెండేళ్లుగా తూము పక్కన కట్ట కింది భాగంలో తడి ఆరడం లేదు. పోయిన వానాకాలంలో మత్తడి (చెరువు నిండితే నీరు బయటికి పోయే అలుగు) మీద ఇసుక బస్తాలు పేర్చి అడుగు ఎత్తు పెంచారు. చేపలు పోకుండా జాలీ కూడా కట్టారు. నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని అడిగితే "చిన్న చెరువమ్మా, కేటగిరీ 3లో ఉంది, భయం లేదు" అన్నారు. డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య ఫొటోలు చూసి "ఇదే ఇక్కడుంటే హై హజార్డ్ డ్యామ్ అంటారు" అన్నాడు. అప్పటినుంచి వాన పడితే చాలు, టెన్షన్. ఎవరి మాట నమ్మాలి? ఇల్లు అమ్మేయడం మంచిదా? అమ్మేమో కదలనంటోంది.

సమాధానం: అమ్మా, ఇద్దరి మాటా నమ్మవచ్చు. వాళ్లిద్దరూ ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెప్పలేదు, వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు. చెరువు కట్టనైనా డ్యామ్‌నైనా మూడు రకాలుగా తూస్తారు. అది ఎంత పెద్దది? ఇవాళ ఏ స్థితిలో ఉంది? తెగితే కింద ఎవరికి ఏమవుతుంది? ఏఈ గారు మొదటి రెండిటికీ జవాబిచ్చారు, మీ అన్నయ్య మూడోదానికి ఇచ్చాడు. ఈ మూడూ కలగాపులగం కావడం వల్లే మన ఊళ్లలో "చిన్న చెరువు" అనే మాట "భయం లేదు" అనే అర్థంలో చెలామణీ అవుతోంది. మైనర్ ఇరిగేషన్‌లో పనిచేసినన్నాళ్లూ నాకు చిరాకు తెప్పించిన విషయం ఇదే.

ముందు సైజు సంగతి. అలుగులు ఎంత వరదను తట్టుకోవాలో నిర్ణయించడానికి భారతీయ ప్రమాణాల సంస్థ 1985లో ఐఎస్ 11223 అనే ప్రమాణం ఇచ్చింది. దాని ప్రకారం నిల్వ 5 లక్షల నుంచి కోటి ఘనపు మీటర్ల మధ్య ఉన్నా, నీటి ఎత్తు 7.5 నుంచి 12 మీటర్ల మధ్య ఉన్నా అది చిన్న డ్యామ్. మీ చెరువు 20 ఎంసీఎఫ్‌టీ అంటే దాదాపు 5.66 లక్షల ఘనపు మీటర్లు. ఎత్తు చూస్తే ఆ లెక్కలోకి కూడా రాదు, నిల్వ చూస్తే అంచున నిలుస్తుంది. కాబట్టి చిన్నదే, అందులో ఏఈ గారి తప్పేమీ లేదు. ఈ తరగతికి ఆ ప్రమాణం అడిగేది నూరేళ్లకు ఒకసారి వచ్చే స్థాయి వరదను మత్తడి దాటించగలగాలని. నూరేళ్లకు ఒకసారి అనగానే మన కాలంలో రాదులే అనిపిస్తుంది. నిజానికి ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి. అదే ఇంట్లో ముప్పై ఏళ్లు ఉంటే, ఆ ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా చూసే అవకాశం నాలుగింట ఒకటి. పైగా పాత చెరువుల మత్తళ్లకు ఈ లెక్క వేయనే లేదు. డికెన్స్, రైవ్స్ అనే పాత ఉజ్జాయింపు ఫార్ములాలతో పరీవాహక ప్రాంతాన్ని బట్టి ఒక అంకె తీసి కట్టేసినవే ఎక్కువ.

ఇక చట్టం. 2021లో వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లకు పైబడిన డ్యాములకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికైతే కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకు తగ్గకపోవడం వంటి షరతుల్లో ఏదో ఒకటి ఉండాలి. ఆ చట్టం కింద ఉన్న డ్యాములకు ప్రమాద తీవ్రతను బట్టి వర్గీకరణ చేయాలి, అత్యవసర ప్రణాళిక రాసి పెట్టుకోవాలి, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలి. 5 మీటర్ల కట్ట దీని దరిదాపుల్లోకి కూడా రాదు. అంటే కింద నలభై ఇళ్లున్నాయి కాబట్టి ఈ చెరువును ఫలానా తరగతిలో పెట్టండి అని ఏఈ గారిని ఆ చట్టం అడగదు. ఆయన దగ్గర అలాంటి ఫారమే ఉండదు.

ఇప్పుడు మీ అన్నయ్య మాటకు వద్దాం. అమెరికాలో హజార్డ్ తరగతులు మూడు. కట్ట తెగితే ఒక్క ప్రాణమైనా పోయే అవకాశం ఉంటే అది హై. ప్రాణనష్టం ఉండదు కానీ ఆస్తికి, రోడ్లకు, కరెంటు లైన్లకు పెద్ద నష్టం అనుకుంటే సిగ్నిఫికెంట్. మిగతావి లో. కట్ట గట్టిగా ఉందా, బీటలు వారిందా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. నిన్న కట్టిన నిఖార్సైన కట్ట అయినా కింద ఇళ్లుంటే హై హజార్డే. అందుకే మీ అన్నయ్య అన్న మాటకు "మీ కట్ట తెగబోతోంది" అని అర్థం తీయకండి. తెగితే మనుషులు పోతారు అన్నంతవరకే ఆ మాటకు అర్థం. ఎత్తు 6 అడుగులు దాటి, నిల్వ 50 ఎకర అడుగులున్న (ఎకరం మేర అడుగు లోతు నీరు ఒక ఎకర అడుగు) ప్రతి డ్యామూ అక్కడి జాతీయ జాబితాలోకి వెళ్తుంది. మీది 459 ఎకర అడుగులు. ఆ దేశంలో ఉంటే ఎప్పుడో జాబితాలో చేరేది.

మీ అన్నయ్య ఉన్న టెక్సాస్‌లోనే ఇలాంటి మట్టికట్టలు 2,000 దాకా ఉన్నాయి. ఎక్కువగా గత శతాబ్దం మధ్యలో, పొలాల మీదికి వరద రాకుండా వ్యవసాయ శాఖ సాయంతో కట్టినవి. కట్టినప్పుడు కింద పచ్చికబీళ్లు, పత్తి చేలు. అప్పుడు లో హజార్డ్ అని రాసుకున్నారు. డల్లాస్ చుట్టుపక్కల కాలనీలు పెరిగాక అందులో చాలావాటిని హై కింద మార్చాల్సి వచ్చింది. కట్ట అంగుళం మారలేదు, కింద ఇళ్లు వచ్చాయి, అంతే. మీ ఊళ్లో జరిగింది కూడా అచ్చంగా ఇదే. మూడిళ్లు నలభై అయ్యాయి. కాకపోతే మన దగ్గర ఆ సంగతి రాసుకునే పుస్తకం లేదు.

అక్కడ కూడా ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1977 నవంబరు 6న అర్ధరాత్రి దాటాక జార్జియా రాష్ట్రంలోని టొకోవా ఫాల్స్‌లో కెల్లీ బార్న్స్ అనే మట్టికట్ట తెగింది. ఎత్తు దాదాపు 40 అడుగులే. దిగువన ఉన్న బైబిల్ కాలేజీ ప్రాంగణంలో నిద్రపోతున్న 39 మంది చనిపోయారు. ఆ తర్వాతే అధ్యక్షుడు కార్టర్ ప్రైవేటు డ్యాములతో సహా హై హజార్డ్ కట్టలన్నిటినీ తనిఖీ చేయమని ఆదేశించాడు.

మన దేశంలో చూడాలంటే 2019 జులై 2 రాత్రి మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా చిప్లూణ్ తాలూకాలో తివరే కట్ట తెగిన ఘటన ఉంది. చిన్ననీటి పారుదల పథకం కింద 2000లో పూర్తయిన మట్టికట్ట అది. దిగువన ఉన్న ఒక వాడ మొత్తం కొట్టుకుపోయింది. కారుతోందని ఊరివాళ్లు ముందే ఫిర్యాదు చేశారు. తెగాక అప్పటి రాష్ట్ర మంత్రి ఒకరు ఎండ్రకాయలు కట్టను తొలిచేశాయని చెప్పి నవ్వులపాలయ్యారు. ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి, అది అబద్ధం కాదు. కానీ ఫిర్యాదు అందాక ఆ బొరియలు ఎవరు పూడ్చాలి అన్నదే అసలు ప్రశ్న.

మీ చెరువులో ఎంత నీరుందో ఒకసారి ఊహించండి. 5,000 లీటర్ల ట్యాంకర్లతో తోడితే లక్షకు పైగా ట్యాంకర్లు కావాలి. కట్ట తెగిన పాత ఘటనల నుంచి తీసిన ఉజ్జాయింపు సూత్రం ఒకటి ఉంది. నిండు చెరువుకు దాన్ని వేసి చూస్తే గండి నుంచి గరిష్ఠంగా సెకనుకు 200 ఘనపు మీటర్ల పైచిలుకు, అంటే 7,000 క్యూసెక్కులకు పైగా నీరు వస్తుంది. మీ మత్తడి పొడవు 30 మీటర్లనుకుంటే, అది 2 అడుగుల ఎత్తున నిండుగా పారితే వచ్చేది సెకనుకు సుమారు 24 ఘనపు మీటర్లు. అంటే గండి నీరు అలాంటి నిండు మత్తడి పారకానికి ఎనిమిది, తొమ్మిది రెట్లు. 300 మీటర్ల దూరం దాటడానికి ఆ నీటికి కొన్ని నిమిషాలు చాలు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. "చూసి పరిగెడదాంలే" అనే ప్లాన్ పనికిరాదని చెబుతున్నాను.

కేటగిరీ 3 అంటే ఏమిటో కూడా తెలుసుకోండి. డ్యాముల తనిఖీల్లో వాడే వరుస ఇది. కట్ట తెగేంత లోపం ఉంటే 1, పెద్ద లోపం ఉండి త్వరగా బాగుచేయాల్సి వస్తే 2, చిన్న మరమ్మతులైతే 3. ఆసుపత్రి మంచం దగ్గర వేలాడదీసిన చార్ట్ లాంటిది, రాసిన రోజు సంగతి మాత్రమే చెబుతుంది. అందుకే ఏఈ గారిని ఒక్క మాట అడగండి: "సార్, మీరు చూసినరోజు చెరువులో నీళ్లెంత ఉన్నాయి?" మే నెలలో ఎండిన చెరువు మీద నడిచి రాస్తే ఏ కట్టయినా కేటగిరీ 3గానే కనిపిస్తుంది. తడి, ఊట, బుంగ బయటపడేది చెరువు నిండినప్పుడు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మత్తడి పారుతుండగా ఇంకోసారి వచ్చి తూము పక్కన చూడమని అడగండి. మర్యాదగానే అడగండి. ఆయన చేతికింద పదుల కొద్దీ చెరువులుంటాయి, తూములు, కట్టలు కనిపెట్టుకుని ఉండే లష్కర్లు సరిపడా ఉండరు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది తడి కాదు, మత్తడి మీది బస్తాలు. మట్టికట్ట మీంచి నీరు పొర్లకూడదు. ఒకచోట పొర్లడం మొదలైతే మట్టి కోసుకుపోతూనే ఉంటుంది, ఇక మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు. పొర్లకుండా కాపాడేది మత్తడి ఒక్కటే. మత్తడి మీంచి ఎంత నీరు వెళ్తుందన్నది దాని మీద నీటి ఎత్తుకు ఒకటిన్నర ఘాతంలో ఉంటుంది. మాటల్లో చెప్పాలంటే, 2 అడుగుల ఎత్తున పారాల్సిన చోట అడుగు మేర బస్తాలు పెడితే, చెరువు మట్టం అంతే ఉన్నప్పుడు పారకం సగానికి కాదు, దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. మిగిలిన నీరు ఎక్కడికి పోతుంది? చెరువులోనే పెరుగుతుంది, కట్ట అంచుకు ఎక్కుతుంది. దీనికి తోడు జాలీ. మామూలు రోజుల్లో జాలీలోంచి నీరు బాగానే పోతుంది. వరద రాత్రి గుర్రపుడెక్క, తుమ్మ కొమ్మలు, ప్లాస్టిక్ సంచులు వచ్చి దానికి పట్టాయంటే అది జాలీ కాదు, గోడ.

ఈ బస్తాల వెనక ఎవరున్నారో మీకు తెలుసు, నాకూ అర్థమవుతోంది. ఆయకట్టు రైతులకు ఇంకో తడి నీళ్లు కావాలి. మత్స్య సంఘం వాళ్లు చేప పిల్లలకు, మేతకు డబ్బు పెట్టారు, చేపలు మత్తడి దాటి పోతే ఎవరిస్తారు? ఇంకోవైపు శిఖం భూములు, అంటే నిండితే చెరువు నీట మునిగే భూములున్నవాళ్లు మత్తడి తగ్గించాలని చూస్తారు. ప్రతి ఊళ్లో ఉన్న తగాదా ఇది, ఎవరినీ దొంగల్ని చేయకండి. జూన్‌కు ముందే, ఎండాకాలంలో అందరూ చల్లగా ఉన్నప్పుడే గ్రామసభలో ఎత్తండి. చేపల వాళ్లకు ఒక మాట చెప్పవచ్చు: జాలీని మత్తడి గోడ మీద కాకుండా, చెరువు లోపలికి దూరంగా అర్ధచంద్రాకారంలో వేసి, చెత్త పట్టగానే పైకి ఎత్తేసేలా తాళ్లతో కడితే కొంత నయం. అప్పుడైనా వాన రాత్రి ఎత్తే మనిషి ఎవరో పేరు రాసుకోవాలి. బస్తాల విషయంలో మాత్రం రాజీ వద్దు. మత్తడి ఎత్తు మార్చే అధికారం సర్పంచికీ లేదు, రైతులకూ లేదు. నీళ్లు ఎక్కువ కావాలంటే పూడిక తీయాలి, లేదా శాఖ లెక్క కట్టి కట్టనూ మత్తడినీ కలిపి డిజైన్ మార్చాలి.

కట్ట ఎక్కడ తక్కువ ఎత్తులో ఉందో కనుక్కోవడానికి సర్వేయర్ అక్కర్లేదు. చెరువు నిండుగా ఉన్నరోజు, గాలి లేని పొద్దున పూట వెళ్లండి. నిలిచిన నీరు అంతటా ఒకే మట్టంలో ఉంటుంది. కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రతి ఇరవై అడుగులకూ ఆగి, నీటి అంచు నుంచి కట్ట తలకు ఎంత ఎత్తుందో కొలవండి. ఒక పొడవాటి కర్ర, మేస్త్రీలు వాడే చిన్న లెవెల్ పైపు, టేపు చాలు. రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట అంకె తగ్గుతుంది. సాధారణంగా ట్రాక్టర్లు ఎక్కి దిగే దారి దగ్గర, బతుకమ్మ మెట్లు కట్టినచోట, గుడి ముందు. పొర్లితే మొదట పొర్లేది అక్కడే. ఆ గుంటను మట్టి పోసి దిమ్మిస చేసి సరిచేయడం పంచాయతీ స్థాయిలో అయ్యే పని, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఇప్పుడు తూము పక్కన తడి. మట్టికట్టలో కొద్దిగా నీరు ఊరడం సహజం, ఊరని కట్ట లేదు. కానీ తూము పక్కన ఊరడాన్ని వేరుగా చూడాలి. కట్ట మట్టికి, తూము రాతికి మధ్య అతుకు ఎప్పుడూ బలహీనమే. ఆ సందులోంచి నీరు దారి చేసుకుని, రోజూ కొద్దికొద్దిగా మట్టి రేణువుల్ని మోసుకుపోతే లోపల బుంగ పడుతుంది. పైకి కట్ట చక్కగానే కనిపిస్తుంది, ఒకరోజు ఉన్నట్టుండి కుంగుతుంది. మట్టికట్టలు తెగిన ఘటనల్లో ఎక్కువ భాగం ఇలా బుంగ పడో, పైనుంచి పొర్లో జరిగినవే.

అందుకే మీరు చూడాల్సింది తడి ఉందా లేదా అని కాదు. నీరు తేటగా ఉందా, బురదగా ఉందా? పెరుగుతోందా? తడి ఉన్నచోట కింద చిన్న కాలువ తీయించి, ఆ ఊటంతా ఒకచోటికి వచ్చేలా చేసి, 10 లీటర్ల బకెట్ పెట్టండి. నిండడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో టైం చూసి, పక్కనే ఆరోజు చెరువు మట్టం కూడా రాయండి. వారానికి ఒకసారి చాలు, మీ అమ్మగారు కాకపోయినా పక్కింటి ఇంటర్ పిల్లవాడు చేయగలడు. చెరువు మట్టం పెరిగినప్పుడు ఊట పెరిగి, తగ్గినప్పుడు తగ్గితే గాభరా లేదు. మట్టం అంతే ఉండి ఊట పెరుగుతుంటే అదే రోజు ఏఈ గారికి ఫోన్ చేయండి. గాజుగ్లాసులో పట్టి గంటసేపు పెడితే అడుగున మట్టి పేరుకుంటే ఇక వారం ఆగే విషయం కాదు.

ఒక హెచ్చరిక. ఇలా ఊట కనపడగానే ఊరంతా కలిసి బంకమట్టి తెచ్చి ఆ తడి మీద దట్టంగా కొట్టేస్తారు. అది తప్పు. కట్ట కింద వైపు దారి మూసేస్తే నీరు ఆగదు, లోపలే ఒత్తిడి పెంచుకుని ఇంకో పక్క నుంచి చీల్చుకుని వస్తుంది. కింద వైపు చేయాల్సింది నీటిని పోనిచ్చి మట్టిని ఆపడం. ముందు శుభ్రమైన ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు. నీరు బుడబుడమని మట్టితో పైకి ఎగజిమ్ముతుంటే చుట్టూ ఇసుక బస్తాలతో వలయంలా కట్టి, అందులో కొంత నీరు నిలవనివ్వాలి. బంకమట్టి వాడాల్సింది చెరువు లోపలి వైపు. అక్కడ సుడి కనిపిస్తే గడ్డి, మట్టి నింపిన బస్తాలు వేయవచ్చు. ఇవన్నీ ఇంజినీరు వచ్చేలోగా ఆపద్ధర్మాలే. అసలు మరమ్మతు ఎండాకాలంలో తూము చుట్టూ తవ్వి మళ్లీ కుదించి కట్టడమే.

కట్ట మీద సర్కారు తుమ్మ, ఈత చెట్లు ఉంటే చిన్నవి కొట్టించండి. పెద్దవాటిని వేళ్లతో సహా పెకలించవద్దు. పందికొక్కుల బొరియలు కనపడితే ఫొటో తీసి దరఖాస్తుకు జత చేయండి.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను: మీ చెరువుకు పైన ఏ చెరువుంది? మనవి గొలుసుకట్టు చెరువులు, ఒకదాని మత్తడి ఇంకోదానిలో పడుతుంది. పైది తెగిందంటే మీ కట్ట ఎంత గట్టిదైనా ఆ నీటిని మోయలేదు. 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరద మీద మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలన చేసినప్పుడు, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే అందులో 221 తెగినట్టు తేలింది. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లి మునిగినప్పుడు కూడా, అంతకుముందే పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. కాబట్టి పై ఊరి వాళ్ల ఫోన్ నంబరు మీ ఊళ్లో ఇద్దరి దగ్గరైనా ఉండాలి.

"కాకతీయుల నాటి కట్ట, ఎనిమిది వందల ఏళ్ల నుంచి ఉంది, ఇప్పుడేమవుతుంది" అనేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. రామప్ప, పాకాల నిలిచాయంటే ప్రతి తరంలో ఎవరో ఒకరు గండ్లు పూడ్చి, మత్తడి కాపాడి నిలబెట్టారు. తెగి, మళ్లీ కట్టని చెరువుల పేర్లు మనకు గుర్తుండవు కదా.

దరఖాస్తు ఇలా రాయండి. "మా చెరువు ప్రమాదంలో ఉంది" అని రాస్తే ఫైల్లో పడుకుంటుంది. "తూముకు ఎడమవైపు ఇంత దూరంలో ఊట, ఫలానా తేదీన 10 లీటర్లకు ఇన్ని సెకన్లు, మత్తడి మీద అడుగు ఎత్తు బస్తాలు, కట్ట తల ఫలానా చోట ఇంత తక్కువ, కింద నలభై ఇళ్లు" అని తేదీలున్న ఫొటోలతో రాయండి. నీటిపారుదల శాఖలో ఏఈ పై అధికారులైన డీఈ గారికి ఒకటి, ఈఈ గారికి ఒకటి, ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు కలెక్టరే, డ్యామ్ చట్టం వర్తించకపోయినా ఈ దారి తెరిచే ఉంది. విడిగా సమాచార హక్కు కింద చెరువు మెమోయిర్ (చెరువు కొలతలు, లెక్కలు ఉండే రికార్డు), మత్తడి పొడవు, ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటి మట్టం), కట్ట తల మట్టం, చివరి తనిఖీ నివేదిక అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

వాన రాత్రి సంగతి. తూము తెరిస్తే చెరువు దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. మీ తూము 20 క్యూసెక్కులదనుకుంటే, దాన్ని పూర్తిగా తెరిచినా, పైనుంచి చుక్క నీరు రాకపోయినా, మీ చెరువు ఖాళీ కావడానికి పదకొండు రోజులకు పైనే పడుతుంది. మట్టం తగ్గించుకోవాలంటే వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చాక కాదు, ఊట తేడాగా కనపడిన వారంలోనే మొదలుపెట్టాలి. రాత్రి కాపలాకు ఇద్దరు మనుషులు, మంచి టార్చి, గుడి మైకు తాళం ఎవరి దగ్గరుందో ముందే తేల్చుకోండి. నీరు కట్ట తలకు అడుగు దూరంలోకి వచ్చినా, ఊట బురదగా మారినా, కట్ట ఎక్కడైనా కుంగినా, ఎవరి అనుమతీ అడక్కుండా మైకులో చెప్పేయాలి. ఏమీ కాకపోతే పొద్దున నాలుగు తిట్లు పడతాయి, పడనివ్వండి. ఇళ్లు వదిలినవాళ్లు వాగు వెంట రోడ్డు మీద కిందికి పరుగెత్తకూడదు, అడ్డంగా పక్కనున్న ఎత్తు గడ్డకు ఎక్కాలి.

ఇల్లు అమ్మాలా అన్నారు. ఇప్పుడే వద్దు. ముందు మీ అన్నయ్యకు ఒక పని చెప్పండి, దూరం నుంచి బాగా చేయగలిగింది అదే. పాత, కొత్త శాటిలైట్ చిత్రాలు పక్కపక్కన పెట్టి, మత్తడి కాలువ ఇదివరకు ఎటు వెళ్లేదో గీయమనండి. కాలనీ ప్లాట్లు ఆ కాలువను పూడ్చి వేసినవైతే, కట్ట తెగనక్కర్లేదు, మామూలుగా మత్తడి గట్టిగా పారినా నీరు ఇళ్లలోకి వస్తుంది. మీ ఇల్లు ఆ దారిలోనే ఉందని తేలితే అమ్మే మాట ఆలోచించండి, కొనేవాళ్లకు ఆ సంగతి చెప్పే అమ్మండి. పక్కగా, కాస్త ఎత్తులో ఉంటే మత్తడి బస్తాలు తీయించి, తూము బాగు చేయించుకుని ఉండవచ్చు.

మీ అమ్మగారు కదలనంటున్నారంటే మిమ్మల్ని కాదని కాదు, బర్రెల్ని వదిలి రాలేక. హైదరాబాద్ రమ్మని అడగడం మానేయండి. ఊళ్లోనే గడ్డ మీద చుట్టాల ఇంటి దగ్గర రెండు గుంజలు పాతించి, పైన నాలుగు రేకులు వేయించి, పది మోపుల గడ్డి ముందే పెట్టించండి. భారీ వాన హెచ్చరిక వచ్చిన సాయంత్రం పాలు పితికాక బర్రెల్ని అక్కడికి తోలేస్తే, రాత్రికి ఆమె కూడా అక్కడే పడుకుంటారు.